నాన్‌డీటెయిల్డ్ నవలలు పెద్దయ్యాక మళ్ళీ చదివితే: కథానాయకుడి తప్పుల్ని ఎట్ట తూచాలి?

పెన్నగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. నెల్లూరులో ఆదివారం పూట నవలలు మళ్ళీ చదివే గుంపు ఒకటి మొదలవతా ఉంది. ఎనిమిది మంది, అందరూ నలభై దాటినోళ్ళే. కాలేజీలో నాన్‌డీటెయిల్డ్‌గానో (ఇంగ్లీషు ఉపవాచకంగా), లేదా ఎండాకాలం సెలవుల్లో లైబ్రరీ నుంచి తెచ్చుకునో చదివిన వాటినే పెట్టుకున్నాం. డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్', శరత్ 'దేవదాసు', గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', శాలింజర్ 'ది క్యాచర్ ఇన్ ది రై'. ఐదింటిలో ఏ ఒక్క కథానాయకుడూ తిన్నగా ఉండేవాడు కాదు. ఒకడు పెంచినోళ్ళని చూసి సిగ్గుపడతాడు, ఒకడు తాగి చస్తాడు, ఒకడు ఆస్తిని, సంసారాన్ని రెండిటినీ తగలేస్తాడు.

ఇట్టాంటోళ్ళ గురించి మాట్లాడటం మొదలుపెడితే పది నిమిషాల్లో రెండు జట్లు అయిపోతాయి. "పాపం, వాడు మాత్రం ఏం చేస్తాడు" అని ఒక జట్టు, "చెంప పగలగొట్టేవాడు లేక అట్టయ్యాడు" అని ఇంకో జట్టు. ఆ పైన పుస్తకం ఎవరూ తెరవరు. దీనికి ఒక పద్ధతి కావాలి. చదివేటప్పుడు ఏం చూడాలి, ఏం రాసుకోవాలి, ఎన్ని వారాలు పెట్టుకోవాలి? తెలిసినోళ్ళు వివరంగా చెప్పండి.

కందుకూరు మాస్టారు

అబ్బయ్యా, తీర్పుల సంగతి తర్వాత. ముందు ఎనిమిది మంది చేతుల్లో ఉన్నది ఒకటే పుస్తకమా కాదా చూడండి. సగం తగాదా అక్కడే పుడుతుంది.

'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' అసలు నవల 59 అధ్యాయాలు. 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా వారం వారం పత్రికలో వచ్చింది. నాన్‌డీటెయిల్డ్ కింద చదివేది దాన్ని పిండి, కథ మాత్రం మిగిల్చిన పుస్తకం. కుదించేవాడు ముందు దేన్ని కోస్తాడంటే, కథ కదలని చోట్లని. ఆ నవలలో కథ కదలని చోట్లే కథానాయకుడు పిప్ తనని తాను నిలదీసుకునే చోట్లు. కథ చెప్పేది పెద్దవాడైన పిప్, ఆ కథలో తిరిగేది చిన్న పిప్. "అప్పుడు నేను ఎంత నీచంగా ఆలోచించానో చూడండి" అని పెద్దవాడు అడుగడుగునా ఒప్పుకుంటూ పోతాడు. ఆ వాక్యాలు తీసేస్తే మిగిలేది చేసిన పనులే. అందుకే చిన్న పుస్తకం చదివినోళ్ళకి పిప్ ఒట్టి కృతఘ్నుడుగా గుర్తుంటాడు, పూర్తి పుస్తకం చదివినోళ్ళకి తన మీద తానే సాక్ష్యం చెప్పే మనిషిగా కనిపిస్తాడు. ఇద్దరూ నిజమే మాట్లాడతారు, వేరే వేరే పుస్తకాల గురించి.

27వ అధ్యాయం చూడండి. పెంచిన బావ జో లండన్ వస్తున్నాడని కబురు వస్తుంది. డబ్బిచ్చి రాకుండా ఆపగలిగితే ఇచ్చేవాణ్ణే అంటాడు పిప్. 30లో ఇంకా గట్టి ముక్క ఉంది. సొంత ఊరికి వెళ్ళి, జో ఇంటికి పోకుండా హోటల్లో దిగి, తిరిగి లండన్ చేరగానే తప్పు కడుక్కోడానికి జోకి ఒక కాడ్ చేప, ఒక పీపా ఆయిస్టర్లు పంపిస్తాడు. ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. మనిషి పోవాల్సిన చోటికి సరుకు పంపించి మనసుకి సర్దిచెప్పుకోవడం ఏమిటో పదహారేళ్ళ వయసులో అర్థం కాదు. ఈ వాక్యం మీ పుస్తకంలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే అది కుదించిన పుస్తకమే, పక్కన పెట్టెయ్యండి.

ఇక రాసుకోవడం. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి నాలుగు గడులు గీయండి. కథానాయకుడు ఏమన్నాడు. ఏం చేశాడు. ఆ పని ఖర్చు ఎవరు మోశారు. ఆ సంగతి మనకి ఎవరు చెబుతున్నారు. ఒక్కో ఆదివారానికి ఒక కాగితం చాలు. గుణవాచకాలు రాయొద్దు. "దుర్మార్గంగా" అని రాస్తే కొట్టెయ్యండి, ఏం చేశాడో రాయండి.

మాలకొండ

మాస్టారు చెప్పిన నాలుగు గడుల్లో రెండోది బాగా నింపాలి సార్. మంచి పనులు కూడా రాయాలి. పిప్ విషయంలో అందరూ వదిలేసేది హెర్బర్ట్ సంగతి. ఇరవయ్యొకటో పుట్టినరోజుకి పిప్‌కి 500 పౌండ్లు వస్తాయి. అందులో సగం, తన పేరు బయటకి రాకుండా, స్నేహితుడు హెర్బర్ట్‌ని వ్యాపారంలో నిలబెట్టడానికి కడతాడు. 36, 37 అధ్యాయాలు. అప్పటికి తనే అప్పుల్లో ఉన్నాడు. జోకి చేప పంపినవాడూ, హెర్బర్ట్‌కి గుట్టుగా సాయం చేసినవాడూ ఒకడే. ఈ రెండూ ఒకే కాగితం మీద కనిపిస్తే "వెధవ" అనే మాట అంత తేలిగ్గా రాదు.

గుండ్లకమ్మ (ఒంగోలు)

మాస్టారూ, నమస్కారం. మీ మూడో గడి అన్నిటికన్నా పెద్దది కావాలి. నన్నడిగితే కాగితంలో సగం దానికే వదలాలి.

'అసమర్థుని జీవయాత్ర' తీసుకోండి. 1947లో వచ్చిన నవల. కథానాయకుడు సీతారామారావు గురించి ఎప్పుడు చర్చ జరిగినా అతని మనసు గురించే. తండ్రి పోతూ పోతూ వంశ ప్రతిష్ఠ నిలబెట్టమన్నాడు, ఆ బరువు మోయలేకపోయాడు, ఉన్నదంతా నలుగురికీ పంచిపెట్టాడు, చేతిలో చిల్లిగవ్వ లేని రోజు వచ్చేసరికి ఆ నలుగురూ కనపడలేదు. ప్రతిదాన్నీ ప్రశ్నించాడు, దేనికీ జవాబు దొరకలేదు, శ్మశానంలో ఘోరంగా పోయాడు. నిజమే, ఇవన్నీ పెద్ద విషయాలే. గోపీచంద్ ఆ మనసుని విప్పిన తీరు తెలుగులో అంతకుముందు లేదు.

అయితే అతని భార్య ఇందిర ఏమైంది? అతను ఉద్యోగంలో నిలవనప్పుడు పొయ్యి మీదకి బియ్యం ఎక్కణ్ణుంచి వచ్చాయి? లోకం మీద కోపం తీర్చుకోడానికి ఎదురుగా దొరికింది ఎవరు? నవల అతని తలలో నుంచి నడుస్తుంది గాబట్టి ఇందిర బాధ మనకి అంచుల్లోనే కనిపిస్తుంది. మొదటిసారి చదివినప్పుడు కన్ను అతని వెంట పోతుంది. రెండోసారి ఆ అంచులు చూడాలి. ఇందిర ఉన్న ప్రతి సన్నివేశం దగ్గరా పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకుంటూ పొండి. పుస్తకం అయినాక ఆ గీతలున్న పేజీలు మాత్రం వరసగా చదవండి. ఇంకో కథ బయటకొస్తుంది. అసమర్థుడనే మాటకి అప్పుడు అసలు బరువు తెలుస్తుంది. తనని తాను బాగు చేసుకోలేకపోవడం ఒక అసమర్థత, తన మీద ఆధారపడ్డవాళ్ళని కనీసం బాధపెట్టకుండా ఉండలేకపోవడం ఇంకొకటి. రెండోదానికి తత్వశాస్త్రం అడ్డం పెట్టుకోకూడదు.

మైపాడు అల

అక్కా, మీరు చెప్పింది కాదనను. ఒక్కటి మాత్రం. 1947 మనిషిని ఇప్పటి కొలతతో కొలిస్తే అందరూ తప్పినట్టే. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళలో అట్ట ఉండేదో ఆలోచించండి. రచయిత కూడా ఆ కాలం మనిషే గదా.

నల్లకోటు (నెల్లూరు)

తమ్ముడూ, కాలం సంగతి ఎత్తావు గాబట్టి ఆ కాలం చట్టం ఏమిటో చూద్దాం. ఊరికే "ఆ రోజుల్లో అంతే" అనుకుంటే ఏమీ తేలదు.

నవల వచ్చేసరికి మనది మద్రాసు రాష్ట్రం. క్రూరత్వం కారణంగా భార్య విడిగా ఉండి భరణం అడిగే హక్కు 1946 కేంద్ర చట్టంతో వచ్చింది. హిందువులకి విడాకులు మద్రాసు రాష్ట్రంలో 1949 చట్టంతో, దేశమంతటా 1955 హిందూ వివాహ చట్టంతో వచ్చాయి. అంటే ఇందిరకి విడాకులు అనే దారి లేదు. విడిగా ఉండే హక్కు కాగితం మీద అప్పుడప్పుడే పుట్టింది.

దీన్నుంచి రెండు సంగతులు తేలతాయి. "ఆమె ఎందుకు వదిలి పోలేదు" అని అడగకూడదు, అది ఇప్పటి ప్రశ్న. అదే సమయంలో, భార్యని బాధపెట్టడం తప్పు అని అప్పటివాళ్ళకి తెలీదు అని కూడా అనకూడదు. తెలీకపోతే 1946 చట్టంలో క్రూరత్వం అన్న మాట ఎందుకుంటుంది? కాలాన్ని చూడాల్సింది దారులు ఎన్ని ఉన్నాయో తెలుసుకోడానికి. బాధ్యత కొట్టేయడానికి కాదు.

ప్రతి నవలకీ ముందే ఒక చిన్న చీటీ తయారు చేసుకోండి: వచ్చిన సంవత్సరం, కథ జరిగే సంవత్సరం, ఆ ఊరు అప్పుడు ఎవరి పాలనలో ఉంది, పెళ్ళి, ఆస్తి, చదువు విషయంలో అప్పటి చట్టం ఏమిటి. పది వరసలు చాలు.

మైపాడు అల

దారులు వేరు, బాధ్యత వేరు అన్నది అర్థమైంది అన్నా. మరి దేవదాసుకి ఈ లెక్క ఎట్ట వర్తిస్తుంది? అతనికి డబ్బుంది, మగవాడు, జమీందారు కొడుకు.

గుండ్లకమ్మ (ఒంగోలు)

దేవదాసుకి దారులు చాలా ఉన్నాయి, అదే ఆ పుస్తకంలో చూడాల్సింది. పార్వతి రాత్రిపూట ఒంటరిగా, పరువు పణంగా పెట్టి, అతని గదికి వస్తుంది. అతను తేల్చడు. కలకత్తా పోయి, నీ మీద నాకు అట్టాంటి ప్రేమ ఎప్పుడూ లేదని ఉత్తరం రాస్తాడు. తర్వాత మనసు మారి వస్తే పార్వతి ఒప్పుకోదు. అప్పుడు చేతిలో ఉన్న గాలం కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. రక్తం వస్తుంది. ఆ మచ్చ పార్వతికి జీవితాంతం ఉంటుంది.

ఇది 1917లో వచ్చిన పుస్తకం. తెలుగులోకి శరత్‌ని తెచ్చినవాళ్ళు చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ లాంటి గట్టి చేతులు, అందుకే అది మన పుస్తకమే అన్నట్టు ఇంటింటా చదివారు. ఇక 1953 సినిమా వచ్చినాక చాలామందికి దేవదాసు అంటే అక్కినేని ముఖం, ఘంటసాల గొంతు. అక్కడే చిక్కు. పుస్తకం చదువుతున్నా చెవిలో పాట మోగుతుంటే గాలం కర్ర దెబ్బ ప్రేమ గుర్తుగా మారిపోతుంది. మళ్ళీ చదివేటప్పుడు ఆ పేజీ గట్టిగా, పాట లేకుండా, ఒక్కొక్క వాక్యం ఆపి చదవాలి. ఎవరు కర్ర ఎత్తారు, ఎవరు కూలబడ్డారు, తర్వాత ఎవరు ఏమన్నారు. పార్వతి ఆ దెబ్బని ఎట్ట తీసుకుందో అది కూడా రాయాలి. ఆమె క్షమించింది గాబట్టి పాఠకుడు కూడా క్షమించాలని లేదు.

తెల్లకోటు (కావలి)

హోల్డెన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. అతను కథానాయకుడైన 'ది క్యాచర్ ఇన్ ది రై' 1951 జులైలో వచ్చింది. 26 అధ్యాయాలు. నాలుగు ఆదివారాలకి సరిగ్గా సరిపోతుంది: 1 నుంచి 7, 8 నుంచి 14, 15 నుంచి 20, 21 నుంచి 26. మొదటి భాగం స్కూలు, రెండోది రైలు, హోటలు, మూడోది న్యూయార్క్ వీధులు, నాలుగోది చెల్లెలు ఫీబీ.

ఈ పుస్తకాన్ని పదిహేడేళ్ళప్పుడు చదివినవాళ్ళు హోల్డెన్ పక్షం, నలభై దాటి చదివినవాళ్ళు అతని తల్లిదండ్రుల పక్షం. "ఈ వాగుడేంది, ఈ నస ఏంది, డబ్బున్న ఇంటి పిల్లోడికి ఏం తక్కువైంది" అనిపిస్తుంది. ఆ విసుగు దగ్గర ఆగిపోతే పుస్తకం దొరకదు. చెప్పేది పదిహేడేళ్ళవాడు, జరిగింది పదహారప్పుడు. పిప్ లాగా పెద్దవాడైన గొంతు లేదు. తన తప్పు తనకి తెలిసినట్టు అతను చెప్పడు, మనమే ఏరుకోవాలి. మాస్టారి నాలుగో గడి ఇక్కడ పనికొస్తుంది.

ఏరుకోవాల్సిన చోట్లు చెబుతాను. 5వ అధ్యాయంలో రూమ్మేట్ కోసం వ్యాసం రాస్తూ తమ్ముడు ఆలీ బేస్‌బాల్ గ్లోవ్ గురించి రాస్తాడు. ఎడమచేతి వాటం పిల్లోడి గ్లోవ్, దాని నిండా ఆకుపచ్చ సిరాతో పద్యాలు. ఆట మధ్యలో బ్యాటింగ్‌కి ఎవరూ రానప్పుడు చదువుకోడానికి. ఆలీ 1946 జులై 18న ల్యుకేమియాతో పోయాడు. అతనికి పదకొండు, హోల్డెన్‌కి పదమూడు. ఆ రాత్రి హోల్డెన్ గ్యారేజీలో పడుకుని, కిటికీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాడు. ఇదంతా ఏదో పక్క సంగతిలా ఒక పేరాలో చెప్పేసి ముందుకు పోతాడు.

వైద్యం వైపు నుంచి ఒక మాట. పిల్లల ల్యుకేమియా మందులతో కొంతకాలమైనా తగ్గుముఖం పట్టడం గురించి సిడ్నీ ఫార్బర్ పరిశోధన అచ్చయింది 1948లో. 1946లో పోయిన పిల్లోడికి డాక్టర్లు చెయ్యగలిగింది దాదాపు ఏమీ లేదు. అంటే హోల్డెన్ కోప్పడటానికి మనిషే దొరకడు. అద్దాలు దొరికాయి. తర్వాత ప్రపంచంలో ఉన్న ప్రతివాడూ దొరికాడు.

22లో జేమ్స్ కాజిల్ అనే కుర్రాడి సంగతి వస్తుంది. తోటి పిల్లలు వేధిస్తే, అన్న మాట వెనక్కి తీసుకోకుండా కిటికీలోంచి దూకి చనిపోతాడు. అప్పుడు అతని ఒంటి మీద ఉన్న స్వెటర్ హోల్డెన్‌ది. ఆ శరీరం దగ్గరికి వెళ్ళి ఎత్తుకున్నది ఆంటొలీనీ అనే మాస్టారు. ఇక 24లో అదే ఆంటొలీనీ ఇంట్లో పడుకుని, అర్ధరాత్రి ఆయన తల నిమరడం చూసి హోల్డెన్ భయపడి పారిపోతాడు. ఆయన ఉద్దేశం ఏమిటో పుస్తకం తేల్చదు. 25లో హోల్డెన్ తనకి తానే మళ్ళీ ఆలోచిస్తాడు: నేను పొరబడ్డానేమో, ఆయన నన్ను అర్ధరాత్రి ఇంట్లోకి రానిచ్చాడు గదా, ఆ జేమ్స్ కాజిల్‌ని ఎత్తుకున్న మనిషి గదా అని. పుస్తకమంతా అందర్నీ ఒక్క మాటతో కొట్టేసినవాడు అక్కడ ఒక మనిషి మీద ఇచ్చిన తీర్పుని తిరిగి తెరుస్తాడు. పెద్దయ్యాక చదివేవాళ్ళు ఆ రెండు పేజీలు ఎంత నెమ్మదిగా చదివితే అంత మంచిది. అయితే పిల్లోడు భయపడ్డ సంగతిని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. రెండూ నిజంగా ఉన్నాయి.

మాలకొండ

డాక్టర్ గారూ, అయితే హోల్డెన్‌కి డిప్రెషన్ అని, పీటీఎస్‌డీ (పెద్ద దెబ్బ తగిలినాక మనసుని వదలని జబ్బు) అని చెప్పేయొచ్చా? ఇప్పుడు ఎక్కడ చూసినా అదే రాస్తున్నారు.

తెల్లకోటు (కావలి)

చెప్పొద్దండీ. పీటీఎస్‌డీ అనే పేరు అమెరికన్ వైద్యుల జాబితాలోకి ఎక్కింది 1980లో. పుస్తకం 1951ది. పేరు తర్వాత వచ్చినంత మాత్రాన బాధ లేదని కాదు. కానీ చర్చలో జబ్బు పేరు పెట్టగానే రెండు నష్టాలు. ఒకటి, అతను చేసిన ప్రతి పనీ జబ్బు ఖాతాలోకి పోతుంది, స్నేహితురాలు సాలీ హేస్‌ని 17వ అధ్యాయంలో నోటికొచ్చిన మాటతో ఏడిపించింది కూడా. రెండు, జబ్బు పేరుతో పాటు పాఠకుడి కుతూహలం ఆగిపోతుంది. లక్షణాలు రాయండి, పేరు వద్దు. నిద్ర లేదు, తిండి సరిగా లేదు, తల్చుకుంటే ఏడుపు, వీధి దాటుతూ మాయమైపోతానేమోనని భయపడి చనిపోయిన తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుచుకోవడం. ఇవి 25లో ఉన్నాయి. ఇట్ట రాస్తే మనిషి కనపడతాడు.

ఇంకో ముఖ్యమైన మాట. గుంపులోకి కాలేజీ పిల్లల్ని పిలిచే ఆలోచన ఉంటే, జేమ్స్ కాజిల్ ఉన్న 22, సీతారామారావు చివరి భాగం, ఈ రెండింటి గురించి ముందు వారమే చెప్పాలి. ఏముందో చెప్పి, ఇష్టం లేనివాళ్ళు ఆ పూట రాకపోయినా ఫరవాలేదని చెప్పాలి. చావు ఎట్ట జరిగిందో గట్టిగా చదివి వినిపించొద్దు. ఆ పిల్లోణ్ణి ఎవరు ఆదుకోలేదు, ఎవరు ఆదుకుని ఉండొచ్చు, అక్కడ మాట్లాడండి. ఎవరైనా మాటల్లో తమ సంగతి బయటపెడితే చర్చ ఆపి పక్కన కూర్చుని వినండి. టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను) నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కాగితం అడుగున అచ్చు వేయించండి.

పెన్నగట్టు (నెల్లూరు)

చాలా ఉపయోగం డాక్టర్ గారూ, నంబరు తప్పకుండా వేయిస్తాం. 'చివరకు మిగిలేది' దగ్గర ఏం జాగ్రత్త తీసుకోవాలి? అందరూ దాని కథానాయకుడు దయానిధిని మెచ్చుకునే రకం.

గుండ్లకమ్మ (ఒంగోలు)

అదే అక్కడి ప్రమాదం. బుచ్చిబాబు వాక్యం అంత బాగుంటుంది, దయానిధి ఆలోచన ఎక్కడ ఆగిందో, రచయిత ఆలోచన ఎక్కడ మొదలైందో అతుకు తెలీదు. దయానిధి లోకాన్ని చూసి నొచ్చుకుంటే మనమూ నొచ్చుకుంటాం. తల్లి మీద లోకం వేసిన నింద అతని మీద నీడలా పడుతుంది, అది అన్యాయమే. ఆ అన్యాయాన్ని చూపించడంలో ఆ నవలకి సాటి లేదు. కానీ కోమలి, అమృతం, సుశీల, ఇందిర వీళ్ళందరూ మనకి దాదాపు అతని కళ్ళలోంచే కనిపిస్తారు. అందుకని ఒక పని చెయ్యండి. ఒక్కొక్కళ్ళకి ఒక్కో పాత్ర పంచండి. అమృతం వచ్చినవాళ్ళు అమృతం స్వయంగా పలికిన మాటలు మాత్రమే ఎత్తి రాసుకు రావాలి. దయానిధి ఆమె గురించి అనుకున్నది ఒక్కటి కూడా రాయకూడదు. ఆ మాటలు వరసగా చదివితే, అతనికి తట్టనిది ఏమిటో మనకి తడుతుంది.

కందుకూరు మాస్టారు

గుండ్లకమ్మ అమ్మా, బాగా చెప్పారు. ఈ పాత్రల పంపకం అన్ని పుస్తకాలకీ పెట్టుకోవచ్చు. ఎనిమిది మంది గాబట్టి ఎనిమిది పాత్రలు. ఒక నియమం: కథానాయకుణ్ణి ఎవరికీ ఇవ్వొద్దు. అతని తరఫున మాట్లాడటానికి పుస్తకమంతా ఉంది.

ఇక సమయం. రెండు గంటలు. మొదటి ఇరవై నిమిషాలు ఏం జరిగిందో మాత్రమే, అభిప్రాయం ఎవరు చెప్పినా ఆపండి. తర్వాత నలభై నిమిషాలు రెండు భాగాలు గట్టిగా చదవడం, ఒక్కోటి పేజీకి మించకుండా. ఆ తర్వాత అర్ధగంట మూడో గడి, అంటే ఖర్చు ఎవరు మోశారన్నది, పాత్రల వారీగా. చివరి అర్ధగంట తీర్పు. తీర్పు చెప్పేవాళ్ళు అధ్యాయం నంబరు చెప్పి తీరాలి. పేజీ నంబరు వద్దు, ఎవరి ఎడిషన్ వాళ్ళది, వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

ఎక్కడ చెడుతుందో కూడా చెబుతా. పుస్తకం పూర్తి చేయని ఇద్దరు ఉంటే వాళ్ళు సినిమా గుర్తుపెట్టుకుని మాట్లాడతారు. చేతులెత్తించి, పూర్తి చేయనివాళ్ళకి మొదటి ఇరవై నిమిషాలు వినే పని మాత్రం ఇవ్వండి. రెండోది, చర్చ పాత్ర మీద నుంచి జారి ఎవరి నాన్న మీదకో, ఎవరి అల్లుడి మీదకో పోతుంది. నొప్పించకుండా "ఏ అధ్యాయం?" అని అడగండి, తిరిగొస్తుంది. మూడోది, ఒకాయన చివర్లో నీతి చెప్పి ముగిస్తాడు. టీ పెట్టించండి.

ఉదయగిరి

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ఫోటోకాపీ తీసి ఎనిమిది మందికి పంచితే ఇబ్బందా?

నల్లకోటు (నెల్లూరు)

మన దేశంలో రచయిత పోయిన తర్వాతి జనవరి 1 నుంచి అరవై ఏళ్ళు కాపీరైట్ హక్కు ఉంటుంది. డికెన్స్ ఎప్పుడో అయిపోయింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో పూర్తి పాఠం ఉచితం. గోపీచంద్ 1962లో పోయారు, 2022 చివరికి అయిపోయింది. బుచ్చిబాబు 1967, అంటే 2027 చివరిదాకా ఉంది. శాలింజర్ 2010, అది 2070 దాకా. శరత్ మూలానికి లేదు గాని అనువాదానికి అనువాదకుడి లెక్క వేరేగా ఉంటుంది, చక్రపాణి పోయింది 1975లో. హక్కున్న పుస్తకాలు కొనండి, పాతవైనా సరే. చదవడానికి పేజీ రెండు పేజీలు రాసుకొస్తే చాలు.

పాత ముద్రణలు, పాత పత్రికలు చూడాలంటే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం ఉండనే ఉంది. 1918లో పెట్టింది. మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి పోయింది. ఒంగోలు నుంచి రైల్లో పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ముందు ఫోన్ చేసి ఏ సంచిక కావాలో చెప్పి పొండి.

మైపాడు అల

పెన్నగట్టు అన్నా, దేనితో మొదలుపెడుతున్నారు? నన్నడిగితే 'అసమర్థుని జీవయాత్ర'. మనోళ్ళ కథ, చిన్న పుస్తకం.

పెన్నగట్టు (నెల్లూరు)

పిప్‌తో మొదలుపెడతాం తమ్ముడూ. తన తప్పు తానే చెప్పుకునేవాడి దగ్గర నాలుగు గడులు నింపడం తేలిక, చేయి తిరుగుతుంది. సీతారామారావు, దయానిధి ఆ తర్వాత. హోల్డెన్ చివర, ఎందుకంటే అక్కడ ఏరుకోవాల్సింది ఎక్కువ. డికెన్స్ తనే మూడు భాగాలుగా పెట్టాడు గాబట్టి మూడు ఆదివారాలు: 1 నుంచి 19, 20 నుంచి 39, 40 నుంచి 59. గట్టిగా చదవడానికి 27, 30. పాత్రలు చీటీలు వేసి పంచుతాం.

గుండ్లకమ్మ (ఒంగోలు)

చీటీల్లో పిప్ ఊరి అమ్మాయి బిడ్డీని మర్చిపోవద్దు. ఆ నవలలో పిప్‌ని ముఖం మీద నిలదీసేది ఆ అమ్మాయే. 19లో, జోకి కాస్త మర్యాద నేర్పించమని పిప్ అడిగితే, ఆయనకీ అభిమానం ఉంటుందని ఎప్పుడైనా అనుకున్నావా అని అడుగుతుంది. పిప్ దానికి అసూయ అని పేరు పెడతాడు. 35లో, ఇక తరచుగా వస్తానని పిప్ మాట ఇస్తే ఆమె వెంటనే నమ్మదు, అతను నొచ్చుకుంటాడు. ఆమె అనుమానమే నిజమవుతుంది. ఈ రెండు చోట్లా బిడ్డీ మాటలు ఒకళ్ళు, పిప్ మాటలు ఇంకొకళ్ళు చదివితే పది నిమిషాలు కూడా పట్టదు. 27 చదివే వారమే 35 కూడా వస్తుంది, రెండూ కలిపి పెట్టుకోండి.

పెన్నగట్టు (నెల్లూరు)

పెట్టాం అక్కా. రెండో ఆదివారం 27, 35. 30లో చేపల వాక్యం మాస్టారు చెప్పినట్టు ఎడిషన్ పరీక్షకి మొదటి వారమే చూసేస్తాం.